ఒక్కసారి తొక్కితే చాలు

మాస్టరమ్మ పక్క పెడలు మీంచి కాలు తీసి సీటు కిందకి మడుచుకుంది. డ్రైవింగ్ నేర్పే కార్లలో నేర్పేవాళ్ళ వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. అది ఉండబట్టే ఆ పనిలో ఉన్నవాళ్ళు ఇంటికెళ్ళి కడుపునిండా అన్నం తినగలుగుతున్నారు. అయినా లైసెన్సు పరీక్ష దగ్గరపడగానే ఆమె ఎవరికైనా సరే ఒకరోజు ఆ కాలు తీసేసేది. ఇవాళ వంతు ఆడపడుచుది.

"చూడు వదినా, ఇవాళ నా కాలు నీకు తోడు రాదు. ఆ గోడ ముందు సున్నం గీత కనిపిస్తోందా? అక్కడ ఆగాలి. ఒక్కసారే తొక్కు. నిండుగా తొక్కు. తొక్కి పట్టుకో."

"ఎన్నిసార్లు చెప్తావే తల్లీ! ఒక్కసారి, నిండుగా, పట్టుకో. నిద్దట్లో కూడా ఇదే కలవరిస్తున్నానని మీ అన్నయ్యగారు గోల."

వదిన కర్టెన్లు కుడుతుంది. కుట్టడమే కాదు, ఇళ్ళకు వెళ్ళి కొలతలు తీసి, కుట్టినవి మోసుకెళ్ళి, నిచ్చెనెక్కి బిగించి మరీ వస్తుంది. కొత్తగా కట్టిన హోటలు వాళ్ళు గదులన్నిటికీ ఆమెనే కుట్టమన్నారు, కాకపోతే సరుకు సొంత బండిలో తెచ్చుకోవాలన్నారు. పాత వ్యానొకటి మాట్లాడి పెట్టుకుంది. లైసెన్సు ఒక్కటే తరువాయి. ఆ పని దొరికితే ఇక ఒకరి కింద ఒంగి ఉండక్కర్లేదని ఊరంతా చెప్పుకు తిరుగుతోంది.

కారు కదిలింది. కూరగాయల మార్కెట్టు వెనక మైదానం అది. ఆ చివర పాత గోడౌను గోడ, గోడకు ఈ పక్క టీ బడ్డీ, దాని పక్కన డ్రైవింగ్ స్కూలు బోర్డు, బోర్డు కింద సిమెంటు బల్ల. బల్ల మీద తమ వంతు కోసం చూస్తున్న నలుగురైదుగురు. వదిన కారును తిన్నగా తీసుకొచ్చింది. గీత దగ్గరపడగానే పళ్ళు బిగించింది, సీటులోంచి కాస్త పైకి లేచింది కూడా. కారు నెమ్మదించింది. ఆగలేదు. గీత దాటింది. మాస్టరమ్మ మడిచిన కాలు గబుక్కున బయటికి లాగబోతే అది సీటు కింద ఇనప పట్టీకి తట్టుకుంది. ఈలోగా గోడ రానే వచ్చింది.

బంపరు ఒక చివర ఊడి వేలాడింది, ఒక లైటు అద్దం పగిలింది. అంతకుమించి ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే మాస్టరమ్మకు కోపం వచ్చింది. ఎవరికైనా దెబ్బ తగిలి ఉంటే భయపడి ఊరుకునేది.

"తొక్కానే! నిజంగా తొక్కాను. కిందకి వెళ్ళిపోయింది!" వదిన ఇంకా స్టీరింగు వదల్లేదు.

"అందరూ చెప్పేది అదే వదినా. తొక్కాను, కిందకి పోయింది. గోడే ఎదురొచ్చింది అనలేదు, నయం."

కారులోపలే అని ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ మాస్టరమ్మ కిందకి దిగింది, ఊడిన బంపరును చూసింది, బల్ల మీద వాళ్ళు లేచి నిలబడి చూస్తుండడం చూసింది. తన స్కూలు కారు, తన ఇంటి మనిషి, తన శిష్యులు. గొంతు దానంతట అదే పెరిగింది.

"ఇది నీ కుట్టుమిషను కాదు వదినా, టకటకా కాలు ఆడించడానికి! బ్రేకు తొక్కేటప్పుడు కాలికి కాస్త బుర్ర ఉండాలి. నీ వయసుకు రోడ్డు మీద మనుషుల ప్రాణాలతో ఆటలెందుకు చెప్పు?"

టీ బడ్డీ అతను ముందు నవ్వాడు. తరవాత బల్ల మీద వాళ్ళు నవ్వారు. స్కూలు గదిలోంచి ఫోను పట్టుకుని బయటికి వచ్చిన మాస్టరమ్మ భర్త సంగతేమిటో పూర్తిగా తెలుసుకోకుండానే, "ఏమిటక్కా, గోడకి కర్టెన్ కొలత తీస్తున్నావా?" అన్నాడు. ఇంకోసారి అందరూ నవ్వారు. మందుల షాపులో పనిచేసే అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. ఆమె తన చెప్పుల వంక చూసుకుంటూ కూర్చుంది.

వదిన నోట్లో నోరు పెట్టి నెగ్గినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. అలాంటి మనిషి ఒక్క మాట అనలేదు. వెనక సీటులోంచి సంచీ తీసుకుని, కారు తలుపు మెల్లిగా, చప్పుడు కాకుండా వేసి, మార్కెట్టు వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మాస్టరమ్మకు సిగ్గు లేకుండా చెప్పాలంటే హాయిగా ఉంది. ఇంటికొచ్చినప్పుడల్లా కిటికీ దగ్గర నిలబడి, కర్టెన్ అంచు వేళ్ళతో పట్టుకుని, "ఎవరు కుట్టారే ఇది? వంకరగా ఉంది" అనే మనిషి వదిన. ఆ వంకరను చూస్తూ ఇన్నేళ్ళు కాపురం చేసింది మాస్టరమ్మ. ఇవాళ కర్టెన్ వైపు చూస్తే అది అంత వంకరగా అనిపించలేదు.

*

మర్నాడు పొద్దున్నే బంపరు బాగుచేయించడానికి కారును షెడ్డుకు తీసుకెళ్ళింది. మెకానిక్కును ఊళ్ళో అందరూ బాబాయ్ అనే పిలుస్తారు. ఆయన గుమ్మంలో నిలబడి, చేత్తో "రా, రా" అంటూ కారును లోపలికి రానిచ్చాడు. వెనక్కి వెళ్ళి చూసి, ముందుకు వచ్చాడు.

"బ్రేకు రెండుసార్లు తొక్కావేంటమ్మా?"

"ఎప్పుడు?"

"ఇప్పుడే. వెనక ఎర్రలైటు రెండుసార్లు వెలిగింది."

"లేదు బాబాయ్. నేను ఒక్కసారే తొక్కుతాను. పిల్లలకు నేర్పేదే అది కదా."

"మళ్ళీ వెనక్కి తీసి రా."

మాస్టరమ్మ నవ్వుకుంటూ కారు వెనక్కి తీసింది, మళ్ళీ లోపలికి తెచ్చింది. ఈసారి తన కాలి మీదే దృష్టి పెట్టింది. బ్రేకు తొక్కింది, కారు ఆగింది. తను తొక్కింది ఒకసారి కాదు. మొదట పొట్టిగా ఒకసారి, వెంటనే గట్టిగా ఇంకోసారి. మధ్యలో కాలు పైకి లేచిన సంగతి ఆమెకు ఇప్పటిదాకా తెలియదు. ముఖం మీద నవ్వు అలాగే ఉండిపోయింది, ఏం చేయాలో దానికి తెలియనట్టు.

బాబాయ్ ముందు చక్రం విప్పాడు. చక్రం వెనక, ఇంజను వైపు నుంచి బ్రేకు దాకా నల్లటి రబ్బరు పైపొకటి వంపు తిరిగి ఉంది. ఆయన మాస్టరమ్మను కిందకి కూర్చోమన్నాడు. పైపును గుప్పిట్లో పట్టుకోమన్నాడు. తను కారులోకి ఎక్కి కూర్చుని, "తొక్కుతున్నా చూడు" అన్నాడు.

ఆమె గుప్పిట్లో పైపు ఉబ్బింది. కప్ప గొంతులా మెత్తగా, తీరిగ్గా ఉబ్బి, ఆయన కాలు తియ్యగానే తగ్గిపోయింది. ఇంకోసారి ఉబ్బింది. మాస్టరమ్మ చెయ్యి వెనక్కి తీసేసుకుంది.

"అదీ సంగతి," అన్నాడు బాబాయ్ దిగుతూ. "నీ కాలి బలం చక్రం దాకా పోవట్లేదు, ఈ రబ్బరును ఉబ్బించడానికే సరిపోతోంది. అందుకే పెడలు కిందకి పోతుంది. రెండోసారి తొక్కితే కాస్త పట్టు దొరుకుతుంది. నీ కాలు ఆ కిటుకు ఎప్పుడో నేర్చేసుకుంది, నీకు చెప్పలేదంతే."

"ఇన్నాళ్ళూ నాకు తెలియలేదేం బాబాయ్?"

"మెల్లిగా వస్తుందమ్మా ఇది. రోజూ చూసే పిల్ల పొడుగవడం ఇంట్లోవాళ్ళకు తెలుస్తుందా? పైగా నీ కార్లో రెండు పెడళ్ళు, రెండు కాళ్ళు. కొత్తగా ఎక్కినవాళ్ళకే తేడా తెలియాలి." ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుంటూ మామూలుగా అడిగాడు. "ఎవరూ ఏమీ అనలేదా నీతో? పెడలు కిందకి పోతోందని?"

మాస్టరమ్మ ఆ పైపునే చూస్తూ ఉంది.

"లేదు బాబాయ్," అంది.

అన్నాక ఆ మాట నోట్లో చేదుగా ఉండిపోయింది. వదిన ఒక్కసారే తొక్కింది. తను నేర్పింది నేర్పినట్టు చేసింది. టకటకా కాలు ఆడించేది తను.

*

"అక్కకి మాత్రం చెప్పకు," అన్నాడు భర్త. మధ్యాహ్నం అన్నం దగ్గర కూర్చున్నారు ఇద్దరూ. "చెప్తే ఇంకేమైనా ఉందా? మన పిల్లల పెళ్ళిళ్ళదాకా చెప్పుకుంటుంది. అదలా ఉంచు, బ్రేకుల్లేని కార్లో డ్రైవింగ్ నేర్పారని బయట తెలిస్తే రేపటినుంచి ఆ బల్ల మీద కాకులు కూర్చుంటాయి."

"తప్పు మనదే కదండీ."

"మనదే. కాదన్నానా? పైపులు మార్పించు. మంచివే వేయించు. తరవాత అక్కని పిలిచి, పోనీలే ఇంకోసారి ప్రయత్నించు అను. కారు ఆగుతుంది, తనూ సంతోషిస్తుంది. కథ కంచికి."

ఆ మాట భర్త నోట వచ్చినందుకు మాస్టరమ్మకు లోలోపల ఊరట కలిగింది, ఇక తప్పు దాచినా అది ఆయన మాట మీద దాచినట్టే అవుతుంది. ఆ ఊరటను తానే పసిగట్టి ఇంకా సిగ్గుపడింది. అన్నం కెలుకుతూ కూర్చుంది.

"ఇంతకీ మీ అక్క ఏమంటోంది?" అంది చివరికి.

"పొద్దున ఫోను చేశాను. వ్యాను అతనికి వద్దని చెప్పేసిందట. హోటలు వాళ్ళకి సోమవారం చెప్తుందట, వేరేవాళ్ళని చూసుకోమని."

"ఏమైనా తిట్టిందా నన్ను?"

"అదే విచిత్రం. ఏమీ తిట్టలేదు."

*

పైపుల షాపు బస్టాండు వెనక సందులో ఉంది. బయలుదేరేముందు బాబాయ్ ఆమెకు పాఠం చెప్పినట్టు చెప్పి పంపాడు. మామూలు రబ్బరు పైపులు వేసుకోవచ్చు, తప్పేమీ లేదు. కానీ రోజంతా తొక్కుడు పడే కారు కాబట్టి స్టీలు తీగ అల్లినవైతే ఉబ్బవు. వాటిలో రెండు రకాలుంటాయి. రోడ్డు మీద తిరగడానికి పరీక్ష చేసి ఒప్పుకున్నవాటి మీద ముద్ర ఉంటుంది. పోటీల్లో పరిగెత్తే కార్లకు వేసేవాటి మీద ఉండదు. ముద్ర ఉన్నదే తీసుకో, ఒక్కటి కాదు, ప్రతి పైపు మీదా ఉందో లేదో చూసుకో అన్నాడు.

షాపు ఆయన ఆమె మాట పూర్తిగా వినకుండానే ఒక పెట్టె తెరిచి గాజు బల్ల మీద పెట్టాడు. లోపల వెండి గొలుసుల్లా మెరుస్తున్న పైపులు. చివరల్లో ఎర్రటి బిరడాలు. చూడ్డానికి ఎంత బాగున్నాయంటే, మాస్టరమ్మకు వెంటనే వాటిని కొనేయాలనిపించింది. చేసిన తప్పు ఎంత పెద్దదో అంత ఖరీదైన వస్తువు కొని దాని మీద కప్పెయ్యాలన్న తొందర అది.

"రేసు కార్లకు వేసే సరుకు మేడం ఇది. దీన్ని మించింది లేదు. వేశారంటే పెడలు రాయిలా ఉంటుంది."

ఆమె పైపును చేతిలోకి తీసుకుంది. తీగల అల్లిక మీద ఏ తొడుగూ లేదు. చేతిరుమాలుతో తుడిచి చూడబోతే అందులో దారం చిక్కుకుని సాగింది. చివర్లు మరలు తిప్పి బిగించినవి, పానా పెడితే ఎవరైనా విప్పొచ్చు. అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా ఏ ముద్రా లేదు.

"దీని మీద ముద్ర లేదేమండీ?"

"ముద్రదేముంది మేడం! మనకు కావలసింది గట్టిదనం."

"మాది నేర్పే కారు. ఏటేటా ఫిట్‌నెస్ చూస్తారు."

షాపు ఆయన పెద్దగా నవ్వాడు. "చక్రం వెనక ఉండే పైపు అది. కింద దూరి ఎవరు చూస్తారండీ?"

మాస్టరమ్మ చెవులు వేడెక్కాయి. ఆయన పైపు గురించే అన్నాడు, ఆ సంగతి ఆమెకూ తెలుసు. అయినా తను రెండు రోజులుగా లోలోపల అనుకుంటున్న మాటను ఎవరో బజార్లో నిలబడి పైకి చదివినట్టయింది.

"ముద్ర ఉన్నవి చూపించండి," అంది.

ఆయన నిరుత్సాహంగా లోపలికి వెళ్ళి ఇంకో పెట్టె తెచ్చాడు. ఇవి అంత మెరవడం లేదు. తీగల అల్లిక మీద పారదర్శకమైన తొడుగు ఉంది, పక్కన దేనికి రాసుకున్నా దాన్ని కోయకుండా. చివరలు యంత్రంతో నొక్కి బిగించేసినవి, విప్పడానికి వీల్లేదు. తొడుగు మీద చిన్న అక్షరాలు, నంబర్లు, ముద్ర. కారు మోడలు పేరు చెప్పి ఆ కారుకేనా అని అడిగింది. అవునన్నాడు. నాలుగు పైపులూ వెలుతురుకు ఎత్తిపట్టి నాలుగింటి మీదా ముద్ర చదివింది. షాపు ఆయన విసుగ్గా పెన్ను బల్ల మీద కొట్టుకుంటూ నిలబడ్డాడు. అయినా ఆమె తొందరపడలేదు.

*

బిగించేటప్పుడు మాస్టరమ్మ దగ్గరే ఉంది. బాబాయ్ పాత రాగి వాషర్లు పారేసి కొత్తవి వేశాడు. పైపులు బిగించాక స్టీరింగును ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తిప్పమని, పైపు ఎక్కడా లాగినట్టు, రాసుకున్నట్టు లేదని టార్చిలైటు వేసి చూశాడు. తరవాత పైపుల్లో గాలి తీసే పని. ఆమె పైన కూర్చుంది, ఆయన కింద దూరాడు.

"తొక్కు... పట్టు... వదులు. తొక్కు... పట్టు... వదులు."

సన్నటి గొట్టంలోంచి పాత బ్రేకు ఆయిలు డికాషనులా నల్లగా సీసాలోకి దిగింది. కాసేపటికి తేనె రంగుకు వచ్చింది, తరవాత బుడగలు ఆగిపోయాయి. ఎవరో చెప్పినట్టు తొక్కి, చెప్పినట్టు వదలడం ఆమెకు ఆ వేళ సుఖంగా అనిపించింది. చెప్పేవాడి మీద అంత నమ్మకం పెట్టుకుని కూర్చోవడం అంటే ఏమిటో చాలాకాలం తరవాత గుర్తొచ్చింది.

షెడ్డు బయటికి తీసి ఆపి చూసింది. పెడలు కాస్త కదిలి, పైనే గట్టిగా ఆగిపోయింది. అయినా ఆమె కాలు లేచి రెండోసారి దిగింది, చెయ్యడానికి అక్కడ పనేమీ లేకపోయినా.

"ఇంకా రెండుసార్లే తొక్కుతున్నావు," అన్నాడు బాబాయ్ వెనక నుంచి. "అలవాటు పోవడానికి టైం పడుతుందిలే." పాత పైపులు ఒక గుడ్డలో చుట్టి డిక్కీలో పడేశాడు.

*

ఆదివారం పొద్దున వదిన ఇంటికి వెళ్ళింది. కత్తిరింపుల బల్ల ఖాళీగా ఉంది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పి ఉంది. ఆ మిషను ఆగి ఉండగా మాస్టరమ్మ ఎప్పుడూ చూడలేదు. పలకరించడానికి వచ్చినవాళ్ళతో కూడా వదిన మిషను తొక్కుతూనే మాట్లాడేది.

"రావే మాస్టరమ్మా. బంపరు బాగైందా?"

"అయింది వదినా. ఒంట్లో బాగాలేదా? మిషను కప్పేశావు?"

"కుట్టాలనిపించలేదు." వదిన నవ్వింది, కానీ ఆ నవ్వులో ఎప్పటి పదును లేదు. "మిషను దగ్గర కూర్చుంటే నా కాలే నాకు నవ్వు తెప్పిస్తోంది. తొక్కుతున్నానా, తొక్కుతున్నానని అనుకుంటున్నానా అని. ఎవరైనా వింటే నవ్విపోతారు."

మాస్టరమ్మకు నిజం చెప్పెయ్యడానికి అదే సమయం. కానీ చెప్పింది వేరే.

"భయపడకు వదినా. జరిగిందేదో జరిగింది. నేను మనసులో పెట్టుకోలేదు. పద, ఇంకోసారి చూద్దాం."

నేను మనసులో పెట్టుకోలేదు! ఆ మాట చెవిన పడగానే, అంత దయగా మాట్లాడుతున్న ఈ ఆడమనిషి ఎవరా అని మాస్టరమ్మకు తన మీద తనకే అసహ్యం వేసింది. వదిన మాత్రం తలవంచుకుని చెప్పులు వేసుకుంది. పిలిస్తే మారుమాట్లాడకుండా వచ్చింది. అదే అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకుంది.

మైదానంలో గోడకు దూరంగా, ఖాళీ మధ్యలో మొదలుపెట్టారు. వదిన సీటు సర్దుకుంది, అద్దం సర్దుకుంది, బెల్టు పెట్టుకుంది. కారు కదిలి కాస్త వేగం అందుకుంది.

"ఇక ఆపు వదినా," అంది మాస్టరమ్మ.

వదిన తొక్కింది. పళ్ళు బిగించి, సీటులోంచి లేచి, ఒక్కసారే, నిండుగా తొక్కింది.

కారు ఉన్నపళంగా నిలబడిపోయింది. బెల్టు ఇద్దరి భుజాలనూ కోసేసినంత పని చేసింది. వదిన కళ్ళజోడు ఎగిరి స్టీరింగు అవతల పడింది. వెనక సీటు మీద నీళ్ళ సీసా దొర్లుకుంటూ కిందకి పోయింది. ఇంజను ఆగిపోయింది. దుమ్ము వెనకనుంచి వచ్చి కారును దాటిపోయింది.

ఆ కుదుపులో మాస్టరమ్మకు అంతా అర్థమైంది. ఈ మనిషి ఇన్నాళ్ళూ తొక్కింది ఇంత బలంగా. రోజూ, ప్రతిసారీ, ఒళ్ళంతా బలం చేసుకుని ఇలాగే తొక్కింది. ఆ బలమంతా ఒక కుళ్ళిన రబ్బరులోకి పోతుంటే, తను పక్కన కూర్చుని కాలికి బుర్ర లేదంది.

వదిన మెల్లిగా కళ్ళజోడు తీసుకుని తుడుచుకుంది.

"నువ్వన్నదే నిజమన్నమాట," అంది. "తొక్కితే ఇలా ఆగుతుందన్నమాట. అంటే ఆ రోజు నేను తొక్కనే లేదు." కళ్ళజోడు పెట్టుకుంది. "తొక్కానని నీతో వాదించాను. ఇంటికెళ్ళి మీ అన్నయ్యగారితో ఒట్టు పెట్టి మరీ చెప్పాను. కారు పాడుచేసి పైగా అబద్ధం ఆడాను. నన్నేమీ అనుకోకే."

"తొక్కావు వదినా."

"ఓదార్చకే. చిన్నపిల్లనా నేను?"

"ఓదార్చట్లేదు. తొక్కావు. నేను చెప్పినట్టే తొక్కావు. బ్రేకు పైపు పాడైపోయింది, తొక్కితే ఉబ్బిపోతోంది. బంపరుకని వెళ్తే బాబాయ్ చూపించాడు. మొన్న కొత్తవి వేయించాను. అందుకే ఇవాళ ఆగింది." మాస్టరమ్మ ఊపిరి పీల్చుకుంది. "రెండుసార్లు కాలు ఆడించేది నేను. నాకు తెలియకుండా నేనే అలా తొక్కుతున్నాను. నువ్వు కాదు."

వదిన ఆమె వైపు తిరగలేదు. ఎదురుగా ఖాళీ మైదానాన్నే చూస్తోంది.

"తమ్ముడికి తెలుసా?"

"తెలుసు."

"ఊఁ." బెల్టు సర్దుకుంది. "మరి ఇందాక మా ఇంట్లో, మనసులో పెట్టుకోలేదన్నావే. అది ఎందుకన్నావు?"

మాస్టరమ్మ దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, సిగ్గు, అది చెప్పుకునేది కాదు.

వదిన తిట్టలేదు. తిడితే బాగుండును. తాళం తిప్పి ఇంజను మళ్ళీ స్టార్టు చేసింది.

"కాలు తియ్యి," అంది.

మాస్టరమ్మ పక్క పెడలు మీంచి కాలు తీసి మడుచుకుంది. కారు గోడ వైపు తిరిగింది. అదే గోడ. మొన్న గీసుకుపోయిన చోట ఇటుక ఎర్రగా కనిపిస్తోంది. బడ్డీ అతను గ్లాసు కడగడం ఆపి చూశాడు. బల్ల మీద వాళ్ళు తలలెత్తారు. వదిన వేగం తగ్గించకుండా వచ్చి, సున్నం గీత దగ్గరపడగానే ఒక్కసారే తొక్కింది. కారు గీత మీద ఆగింది, గోడ దాని చోట అది ఉంది.

"ఏమమ్మా, కుట్టుమిషను బాగా నడుస్తోందే ఇవాళ!" అన్నాడు బడ్డీ అతను. ఇద్దరు ముగ్గురు నవ్వారు. స్కూలు గది గుమ్మంలో మాస్టరమ్మ భర్త కూడా నవ్వబోయాడు, భార్య ముఖం చూసి మానుకున్నాడు.

వదిన చేతులు స్టీరింగు మీద ఉంచుకుని ఎదురుగా గోడను చూస్తూ కూర్చుంది. పద, దిగు, చెప్పు అని అడగలేదు. అడగకపోవడమే అడగడంలా ఉంది.

మాస్టరమ్మ దిగింది. డిక్కీ తెరిచింది. గుడ్డ విప్పి నల్లటి పైపొకటి చేతిలోకి తీసుకుంది. బల్ల దగ్గరికి ఆ నాలుగడుగులూ నడవడం ఎంత కష్టమైందో ఆమెకే తెలుసు.

"మొన్న మా వదిన బ్రేకు సరిగ్గానే తొక్కింది," అంది. గొంతు బయటికి రాలేదేమో అనిపించి మళ్ళీ పెద్దగా అంది. "సరిగ్గానే తొక్కింది. ఈ పైపు పాడైపోయింది. నేను చూసుకోలేదు. తను చెప్తే వినలేదు. పైగా మీ అందరి ముందూ అనరాని మాటలన్నాను. తప్పు నాది."

ఎవరూ నవ్వలేదు. బడ్డీ అతను చేతిలో గ్లాసును మళ్ళీ కడగడం మొదలుపెట్టాడు. భర్త గుమ్మంలోంచి లోపలికి వెళ్ళబోయి, ఏమనుకున్నాడో, వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు. మందుల షాపు అమ్మాయి లేచి ఆ పైపును చేతిలోకి తీసుకుని వంచి చూసింది.

"మేడం, నాక్కూడా అలాగే కిందకి పోయేది," అంది మెల్లిగా. "మీతో చెప్పాను. నా కాల్లో బలం లేదన్నారు. ఇంకో నెల రమ్మన్నారు."

మాస్టరమ్మ ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. అవును, చెప్పింది. వాన పడిన రోజు, ఇదే బల్ల దగ్గర. తను గడియారం చూసుకుంటూ విన్నది.

"చెప్పావు," అంది. "చెప్పావమ్మా."

కారు తలుపు తెరుచుకున్న చప్పుడైంది. వదిన డ్రైవరు సీటులోంచి దిగి, సంచీ తీసుకుని, వెనక తలుపు తీసి ఎక్కి కూర్చుంది. కిటికీలోంచి తల బయటికి పెట్టి కేకేసింది. ఆ గొంతులో పాత పదును కొంచెం తిరిగొచ్చింది.

"ముందు ఆ అమ్మాయిని ఎక్కించు. నాకేం తొందర లేదు, నేను వెనక కూర్చుంటాను. హోటలు వాళ్ళకి రేపు కదా చెప్పాల్సింది, ఏం చెప్పాలో దార్లో ఆలోచించుకుంటాను."

అమ్మాయి చెప్పులు దులుపుకుని వచ్చి కూర్చుంది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దం దించుకుంది. మాస్టరమ్మ పక్కన ఎక్కింది. కాలు అలవాటుగా పక్క పెడలు మీదకు పోబోతే వెనక్కి లాక్కుంది. కారు మైదానం మధ్యకు వచ్చేసరికి ఆమె నోట్లోకి ఎప్పటి మాట వచ్చింది, ఒక్కసారే, నిండుగా, పట్టుకో అని. దాన్ని మింగేసింది.

"నీకు తోచినట్టు తొక్కు," అంది. "తొక్కి, ఎలా ఉందో నాకు చెప్పు."